ఐసు డబ్బాలో అవ్వ చెయ్యి

అవ్వ పోయిందన్న ఫోన్ వచ్చినప్పుడు నా కుడి చేతిలో సూది ఉంది, మోకాళ్ల మధ్య ఒక గొర్రె ఉంది. ఆ మంద యజమానే నా జేబులోంచి ఫోన్ తీసి చెవికి ఆనించాడు. "పొద్దుగాల చాయ్ తాగి పండుకున్నది సాబ్, మల్ల లేవలే" అన్నాడు అవ్వ కొడుకు. సాయంత్రం మట్టి చేస్తామన్నాడు. మా పశువుల డాక్టరమ్మ నా ముఖం చూసి, మీరు వెళ్లండి, మిగిలినవి నేను చూసుకుంటానంది. నేను కదల్లేదు. ఇంకా నలభై గొర్రెలున్నాయి. టీకా సీసా మూత తెరిచి ఉంది, తెరిచిన సీసా రేపటికి పనికిరాదు. పని సగంలో వదిలి ఏడుస్తూ వచ్చానని తెలిస్తే అవ్వ పాడె మీది నుంచే లేచి తిట్టేది. నలభయ్యీ పూర్తిచేసి, ఆలేరు దగ్గరి ఆ ఊరి నుంచి మోత్కూర్ బస్సెక్కాను.

ఆమె నాకు చుట్టం కాదు. మోత్కూర్ పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే కుటుంబం వాళ్లది. ఊరంతా అవ్వ అనేవాళ్లు, నేనూ అన్నాను. నేను పశువుల దవాఖానలో కాంపౌండర్ని. డాక్టర్ని కాదని ఎంత చెప్పినా జనం వినకపోతే చెప్పడం మానేశాను. ఆమె మాత్రం ఉత్త "సాబ్" అనేది. నడుముకు ముళ్లు తీసే చిమటా ఒకటి వేలాడుతుండేది. ఏ గొర్రె కుంటినా అక్కడే కూలబడి, కాలు ఒళ్లో పెట్టుకుని, దాన్ని దాని తల్లి పేరుతో తిడుతూ ముల్లు లాగేది. మందలో ఏది ఎవరి బిడ్డో, ఆ తల్లి ఎట్లాంటి మొండిదో ఆమెకు కంఠతా వచ్చు.

ఇక నా సిగ్గుమాలిన సంగతి చెప్పాలి. చెప్పకపోతే అవ్వ గురించి రాయడం దండగ.

తొలకరి వానలకు లేత గడ్డి మొలుస్తుంది. అది ఆబగా మేసిన గొర్రెలకు చిటుక రోగం వస్తుంది. పొద్దున ఎగిరిన గొర్రె మధ్యాహ్నానికి ఉండదు. అందుకే వానలకు ముందే టీకా వేస్తాం. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం, టీకా డబ్బాతో బయలుదేరిన నా బస్సు దారిలో ఆగిపోయింది. రెండున్నర గంటలు ఎండలో కూర్చున్నాను. పల్లె చేరేసరికి డబ్బాలో ఐసు లేదు, నీళ్లున్నాయి, అవీ గోరువెచ్చగా. వెచ్చబడ్డ టీకా పనిచేయదు, వెనక్కి పోవాలి. నాకు తెలుసు. కానీ మందలన్నీ మేతకు పోకుండా పొద్దుటి నుంచి నా కోసం దొడ్డిలో ఆగి ఉన్నాయి. రేపు రండి అనడానికి నోరు రాలేదు. సూదులు వేసేశాను. వానలు పడ్డాక అవ్వ మందలో పదకొండు గొర్రెలు పోయాయి. ఒక్కోసారి టీకా పట్టదమ్మా అని చెప్పాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, మిగిలిన మందను తోలుకుని పోయింది.

ఆ చూపుకు నేను నిలబడలేకపోయాను. ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉండగానే స్వచ్ఛంద విరమణకు దరఖాస్తు పెట్టాను. మోకాళ్ల నొప్పులని రాశాను. ఇంట్లో కూడా అదే చెప్పాను. సన్మానం చేసి శాలువా కప్పారు. ఇంటికొచ్చి మడతపెట్టిన ఆ శాలువాను ఇప్పటికీ విప్పలేదు.

తరవాత బస్టాండు హోటల్ బెంచీయే నా ఆఫీసు. నాలాగే ముందుగా ఉద్యోగం మానుకున్న లైన్‌మన్ ఒకాయన పక్కన కూర్చునేవాడు. వచ్చే బస్సులు, పోయే బస్సులు లెక్కపెట్టేవాళ్లం. ఈ కాలం వాళ్లకు పని రాదని ఇద్దరం తీర్పులు చెప్పేవాళ్లం. ఇంటికి పోతే నా భార్య కూరలో ఉప్పు మీద పడేవాణ్ని. పాపం, ఆమె ఎంత ఓర్చుకుందో నాకిప్పుడు అర్థమవుతోంది.

ఒక పొద్దున అవ్వ గొర్రెపిల్లను భుజాన వేసుకుని మా గడప ముందు దిగింది. కాలు వాచింది, చూడమంది. నేను మానేశాను, దవాఖానకు పొమ్మన్నాను. సరేనని అక్కడే మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. నా భార్య అన్నం పెడితే తిని మళ్లీ కూర్చుంది. చివరికి నేనే చీము తీసి కట్టు కట్టాను. మరో వారం ఇంకో గొర్రె. తరవాత కడుపుబ్బిన మేక, అదీ తనది కాదు, ఎవరిదో పట్టుకొచ్చింది. నాలుగోసారి ఉత్త చేతులతో వచ్చింది.

"దవాఖానల మనిషి లేడు సాబ్. కొత్త డాక్టరమ్మ ఒక్కతే ఎన్ని ఊర్లు తిరుగుతది? నువ్వు రా."

మోకాళ్లన్నాను.

"నీ మోకాళ్లు నాకెరుక. నా గొర్లు సచ్చినయ్, నేను మంద ఇడిసి పెట్టిన్నా? నీకేమైందని ఇంట్ల కూసున్నవ్?"

అప్పుడిక దాచలేకపోయాను. బస్సు, ఎండ, కరిగిన ఐసు, అంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని తల వంచుకుని కూర్చున్నాను.

"ఆ దినం సీసా జర పట్టుకోమని నా చేతికే ఇచ్చినవ్" అంది. "ఎచ్చగ ఉండె. నాకు అప్పుడే తెలిసింది. సాబ్‌ను ఎట్ల అడుగుత అని ఊకున్న. నువ్వు చెప్పలే, నేను అడుగలే. ఇప్పటి సంది అడుగుత. అడుగనీకి నువ్వు ఉండాలె గద?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరూ నాకింత బరువైన మాట చెప్పలేదు, ఇంత బరువూ దించలేదు.

మరునాడు దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మకు నా కూతురి వయసు. టీకాల సీజనుకు తాత్కాలిక మనిషిగా తీసుకుంటానంది. నేను తొలిసారి ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చాను. బెంచీ మీద లైన్‌మన్ నవ్వాడు, పెన్షన్ తిని కూర్చోక చిన్నపిల్ల కింద చాకిరీ ఏంటని. నామోషీగానే ఉండింది, అబద్ధమెందుకు. అది పది రోజులుంది. తరవాత పని ఎక్కువై దాని సంగతి మరిచిపోయాను.

మొదటి టీకా రోజు అవ్వ దొడ్డి ముందు నిలబడ్డాను. సూది తీయబోతే అడ్డం వచ్చింది.

"ఐసు జూపియ్ సాబ్ ముందుగాల."

అందరి ముందరా డబ్బా మూత తీయించి, చెయ్యి లోపల పెట్టి కలియబెట్టింది. ఆ తడి చేత్తో పక్కనున్న గొర్రె మొహం తుడిచి, ఇప్పుడు వెయ్యమంది. నా ముఖం మాడిపోయింది. కానీ ఆ సాయంత్రానికి ఊళ్లో ప్రతి మంద దగ్గరా ఎవరో ఒకరు డబ్బాలో చెయ్యి పెట్టారు. రెండో ఏటికి చుట్టుపక్కల ఊళ్లలోనూ అడగడం మొదలైంది. డాక్టరమ్మ అయితే ఇప్పుడు తనే మూత తీసి పిలుస్తుంది. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా వెచ్చని సీసా మళ్లీ పోలేదు.

లైన్‌మన్‌నూ అవ్వ వదల్లేదు. సంతకు వచ్చినప్పుడల్లా బెంచీ ముందు నిలబడి, కరెంటు స్తంభం ఎక్కడం మరిచిపోయినవా అని నలుగురిలో అడిగేది. పడలేక లేచాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు స్తంభం ఎక్కడం, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు ఎక్కకూడదో నేర్పుతున్నాడు. ఆ బెంచీ మీద ఎవరైనా కూర్చుంటే ఆయనే వెళ్లి తగులుకుంటున్నాడు.

ఇది చదువుతున్నవాళ్లలో మా బెంచీ మనుషులు ఉంటారు. కాలం తీరకముందే ఇంటికొచ్చినవాళ్లు. మోకాళ్లు నిజంగానే నొస్తుండవచ్చు, వాళ్లను నేనేమీ అనను. కానీ నాలాగా వేరే సంగతి దాచిపెట్టి మోకాళ్ల పేరు చెప్పేవాళ్లు ఉంటే, లేవండి. మీ చేతికి తెలిసిన పని ఇంకా ఎక్కడో ఆగి ఉంది. చిన్నవాళ్ల కింద చేయాల్సి వస్తుంది, చేయండి. చేసిన తప్పు ఉంటే, ఇంట్లో కూర్చున్నంత మాత్రాన అది చిన్నదవదు. ఇన్నేళ్లలో నాకు తెలిసింది ఇంతే.

ఆ సాయంత్రం నేను బస్సు దిగి పల్లె చేరేసరికి అవ్వ మీద మట్టి వేస్తున్నారు. నేనూ మూడు పిడికిళ్లు వేశాను. భుజాన డబ్బా అలాగే ఉందని ఎవరో చెబితేగానీ గుర్తు రాలేదు.

పోయిన వారం అవ్వ వాళ్ల మంద వంతు వచ్చింది. దొడ్డి ముందు డబ్బా దించి, మూత తీసి నిలబడ్డాను. ఎవరూ రాలేదు. సూది చేతిలోకి తీసుకోలేకపోయాను. అవ్వ కొడుకు గొర్రెను పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. అప్పుడు కోడలు గంప దించి, కొంగుకు చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. అవ్వ చిమటా ఇప్పుడు ఆమె నడుముకు ఉంది.

"ఐసు జూపియ్ సాబ్" అంది.

మణికట్టు దాకా ముంచింది. చాలాసేపు తీయలేదు. తరవాత ఆ తడి చేత్తో పక్కనున్న గొర్రె మొహం తుడిచింది.