కుడి ముందు కాలు

జెస్సికా అటవీశాఖలో చేరేనాటికి అడవి గురించి ఆమెకు తెలిసింది పరీక్ష పుస్తకాల్లో ఉన్నంతే. పుట్టి పెరిగింది కొత్తగూడెంలో, బొగ్గు కార్మికుల క్వార్టర్లలో. తండ్రి ఆంథోని ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలోకి దిగిన మనిషి. కూతురికి బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చిందని తెలిసిన ఆదివారం చర్చి దగ్గర అందరికీ లడ్డూలు పంచి, "భూమ్మీద జేసే నౌకరి. ఎండ తగుల్తది, గాలి తగుల్తది. గంతకంటె ఏం గావాలె?" అన్నాడు.

చండ్రుగొండ అవతల ఊటవాగు బీట్‌లో పోస్టింగు ఇచ్చారు. ఆమె వచ్చిన మూడో వారంలో పక్కనున్న లంబాడా తండా మేకల మీద చిరుత పడటం మొదలైంది. పదిహేను రోజుల్లో ఐదు మేకలు పోయాయి. అందులో మూడు ద్వాలివి. ద్వాలి నలభై దాటిన ఒంటరి మనిషి, మేకలే ఆమె సంసారం. ఆఫీసుకు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"మేడం, చచ్చిన మేక మీద గుళికల మందు చల్లుదామంటున్నరు మా తండోళ్లు. నేనే వద్దన్న. వారం రోజులు జూస్త. గంతల మీరు పట్టకపోతే ఇగ నేను గూడ ఆపలేను."

చిరుతను పట్టాలంటే బోను పెట్టాలి. బోను పెట్టాలంటే అది తిరిగే దారి తెలియాలి. రేంజర్ ఆ పని జెస్సికాకు అప్పగించి, తోడుగా వాచర్ సారయ్యను పంపాడు.

సారయ్య ఊటవాగు గుంపు అనే కోయగూడెం మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. చిన్నతనంలో తండ్రి వెంట వేటకు తిరిగి, ఇరవై ఏళ్లుగా అటవీశాఖలో పనిచేస్తున్నాడు. జాడ పట్టడంలో ఆ రేంజిలో అతని తర్వాతే ఎవరైనా. అలాంటివాడు తనకు నేర్పుతున్నాడని జెస్సికాకు లోలోపల గర్వంగా కూడా ఉంది.

"జాడ మీద నడవొద్దు మేడం, పక్కపొంటి నడవాలె. తొక్కినంక మళ్ల జూద్దామంటే ఏముంటది?" అన్నాడు మొదటి రోజు.

అతను చెప్పేది తక్కువ, చూపించేది ఎక్కువ. పొద్దు పొడవగానే బయలుదేరేవాళ్లు. ఎండ ఏటవాలుగా పడినప్పుడే అడుగు అంచున నీడ నిలుస్తుంది, పొద్దెక్కితే కళ్లముందున్న జాడ కూడా మట్టిలో కలిసిపోతుంది. కుక్క అడుగులో గోళ్ల గుర్తులుంటాయి. చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి ఉండవు. కొలవడానికి ఎడమ వెనక కాలు పట్టుకొమ్మన్నాడు. "పాత సార్లు గూడ గదే కొలిచేటోళ్లు. ముందు కాళ్ల జోలికి పోకుండ్రి, ఆగమైతరు" అన్నాడు. ఆమె నోటుబుక్కులో ఎడమ వెనక కాలి బొమ్మలే పేజీల నిండా గీసుకుంది.

రెండో రోజు తానే ముందు నడుస్తానంది. గంటన్నర సేపు ఒక జాడ వెంట పోతే, చివర్లో తండా కుక్క ఒకటి చెట్టు కింద పడుకుని తోకాడించింది. సారయ్య నవ్వలేదు.

"గోళ్లు జూసినరా?"

"చూడలే."

"రేపు జూస్తరు."

చెట్టుకు కట్టిన కెమెరాలో మొదటి రోజు ఆమె బూట్లు, కొండముచ్చులు తప్ప ఏమీ పడలేదు. మూడో రోజుకు కాస్త చూపు కుదిరింది. రాలిన ఆకుల్లో మేకను ఈడ్చుకుపోయిన చారను సారయ్య కంటే ముందే కనిపెట్టింది. అతను తలపంకించాడు. ఆ తలపంకింపు కోసం ఆమె మరో నాలుగు మైళ్లు నడిచేదే.

నాలుగో రోజు సారయ్యకు జ్వరమొచ్చింది. రెండు రోజులు ఆగమని కబురు పంపాడు. ద్వాలి ఇచ్చిన గడువులో మిగిలింది మూడు రోజులే. జెస్సికా ద్వాలినే తోడు తీసుకుని వాగుకు వెళ్లింది.

వాగు ఒడ్డున తడి ఇసుకలో తెల్లవారుజామునే పడ్డ జాడ తిన్నగా సాగిపోయి ఉంది. ఎక్కడ చూడాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి జెస్సికా నాలుగు కాళ్లూ చూసింది. వెనక కాళ్లు రెండూ, ఎడమ ముందు కాలూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. కుడి ముందు కాలు పడాల్సిన చోట మాత్రం చిన్న గుంట, దాని వెనక సన్నటి గీత. పది అడుగులు చూసింది. ఇరవై అడుగులు చూసింది. అంతటా అలాగే ఉంది.

"కుంటుతున్నది. కాలు పూరాగ మోపుతలేదు" అంది.

ద్వాలి కూడా వంగి చూసింది. "గందుకేనా మేకల మీద పడ్డది. మంచిగున్న చిరుత తండాల దాక ఎందుకొస్తది?"

ఆ పక్క అడవిలో చిరుత కాలు విరగ్గొట్టేది ఏముంటుందని జెస్సికా ఆలోచించింది. పందుల కోసం చేల చుట్టూ పెట్టే తీగ ఉచ్చుల గురించి ట్రైనింగులో విన్నది గుర్తొచ్చింది. వాగు వెంట ఉన్న చేల గట్లన్నీ వెతుక్కుంటూ నడిచింది. మూడోది మొక్కజొన్న చేను. దాని మూల మీద ఒక చిన్న చెట్టు మాను చుట్టూ బెరడు లేచిపోయి ఉంది, నేలంతా గీరి గుంటలు పడి ఉంది. మానుకు ఉచ్చుగా చుట్టిన బండి క్లచ్ వైరు తెగి, కొసన పోగులు విప్పుకుని ఉంది. పోగుల మధ్య పసుపుపచ్చటి వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి.

"ఈ చేను ఎవరిది?"

ద్వాలి తెగిన వైరు వంక చూసింది. "మీకు తెల్వదా మేడం? సారయ్యది."

జెస్సికా ఆ వైరును మాను నుంచి విప్పి, ఫొటోలు తీసి, సంచిలో వేసుకుంది. ఇద్దరూ గుంపు దారి పట్టారు.

సారయ్య దుప్పటి కప్పుకుని మంచం మీద ఉన్నాడు. ఆమె వైరు తీసి మంచం పట్టె మీద పెట్టింది. అతను లేచి కూర్చున్నాడు.

"పందికి ఏసిన మేడం. నాలుగు రోజులల్ల సగం చేను దున్నేసినయ్. పొద్దుగాల పోయి జూస్తే తీగ తెగివున్నది, చిరుత బొచ్చున్నది. తీసేద్దామనుకున్న. చెయ్యి రాలే."

"ముందు కాలు నాకెందుకు జూపెట్టలే పెద్దయ్యా?"

"జూపెడితే దొరుకుత గదా."

"అసలు జాడే నేర్పకపోతే అయిపోతుండె గదా."

సారయ్య వైరును చేతిలోకి తీసుకున్నాడు. "నేర్పుమన్నరు. నేర్పేటప్పుడు తప్పు నేర్పబుద్ధి గాలే. ఒక్క కాలు దాసిన, గంతే." చేత్తో వాగు ఎగువకు చూపించాడు. "ఊట పైన బండలున్నయ్ గదా, గాడ పండుకుంటది. కుంటిది నీళ్లిడిసి దూరం పోదు. బోను గాడ పెట్టుండ్రి."

బోను అక్కడే పెట్టారు. ఎరకు మేక కావాల్సి వస్తే ద్వాలి తన మేకనే తోలుకొచ్చింది. అడ్డంగా ఊచలున్న వెనక అరలో దాన్ని కట్టి, దానికి ఏమీ కాదని నలుగురూ చెప్పాక గానీ కదల్లేదు. మూడో ఉదయం బోను తలుపు పడిపోయి ఉంది. లోపల చిరుత మూల నక్కి గురగురలాడుతోంది. మేక బతికే ఉంది. డాక్టరు మత్తుసూది వేసి చూస్తే తీగ ఎముక దాకా దిగి ఉంది. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఇక అడవిలో బతకలేదని దాన్ని జూకు పంపారు.

మిగిలింది రిపోర్టు. జెస్సికా ఒక సాయంత్రమంతా తెల్లకాగితం ముందు కూర్చుని, చివరికి తండ్రికి ఫోను చేసింది.

"నాకు నేర్పినాయన మీదనే కేసు రాయాలె డాడీ."

"నువ్వు గూడ దాస్తే, ఇద్దరు దాసినట్టయితది. రాయి బిడ్డా. రాసినంక ఆయనకు జ్వరం గోలీలు గూడ తీస్కపో."

ఆమె రెండూ చేసింది. గోలీలు సారయ్య భార్య అందుకుంది గానీ లోపలికి రమ్మనలేదు. సారయ్య కొలువు పోయింది. జైలుకు వెళ్లి బెయిలు మీద వచ్చాడు. కొత్తగూడెం కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. గుంపులో కొందరు జెస్సికాతో మాట్లాడటం మానేశారు. వాళ్లను ఆమె తప్పుపట్టలేదు.

ఎండాకాలం ముదిరాక చండ్రుగొండ అంగడిలో సారయ్య ఎదురుపడ్డాడు. సన్నబడ్డాడు.

"తింటున్నదా?" అని అడిగాడు, దేని గురించో చెప్పకుండా.

"తింటున్నదట. మూడు కాళ్ల మీదనే తిరుగుతున్నదట."

అతను తువ్వాలు భుజం మార్చుకుని కదలబోయాడు. జెస్సికా ఆపింది.

"పెద్దయ్యా, ఉచ్చులు తీస్తున్న. నాకు సగమన్నా దొరుకుతలేవు. ఎక్కడెక్కడ పెడ్తరో నీకెరుక."

"నా మీద కేసున్నది గదా మేడం."

"ఉన్నది. గది నేను తీసేయలేను. అయినా రా."

అతను అంగడి జనంలో కలిసిపోయాడు. సోమవారం పొద్దున ఆమె వాగు దగ్గరికి చేరేసరికి అవతలి ఒడ్డున గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆ రోజు మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి పదకొండు తీగలు విప్పారు.