సుగుణను మడిలో మూసిన రోజు

అది సోమవారం, పొద్దున పది గంటలు. కరోనా రెండోసారి వచ్చి ఊళ్లను ఊడ్చిపోయిన ఏడు, వరినాట్ల కాలం. అంకిస దగ్గర మడిలో ఉన్నాం. ఆ గంటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నారు కట్టలు మోసిన తల ఇది, బరువంటే తెలుసు. ఇది గట్టు మీద దించి వచ్చే బరువు కాదు.

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. వచ్చిన వెంటనే రాయాల్సింది ఇదే. పేరు రాసుకుంటూ, పెళ్లి పత్రికలు చదువుకుంటూ తప్పించుకున్నాను. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

నాటు గుంపుకు నేను పెద్దను. ఎవరి పొలానికి పోవాలో, ఎవరు రావాలో నా మాటే. సుగుణ మా చెల్లెలి కూతురు, మా ఊరికే కోడలుగా వచ్చింది. గుంపులో అందరికంటే చురుకు. ఆ ఎండాకాలం జ్వరం వచ్చి తగ్గాక మాత్రం పాత సుగుణ కాలేదు.

నాటేటప్పుడు అందరం వరుసగా వంగి వెనక్కి జరుగుతూ పోతాం. ఒకతె వెనక్కి జరగలేక ఆగిపోతే పక్కవాళ్లు ఆమె వెనుక భాగం కూడా నాటేస్తారు. చుట్టూ నాటు, మధ్యలో ఆమె. బయటికి రావాలంటే నారు తొక్కాలి, తొక్కితే తిట్లు. దీన్ని మూయడం అంటాం, మా పాత సరదా. కొత్త పెళ్లికూతుళ్లను అలాగే ఏడిపిస్తాం.

ఆ రోజు సుగుణ ఆగిపోయింది.

"పెద్దమ్మా, జర ఆగుండ్రే. ఊపిరి అందుతలేదు."

"మాట్లాడనీకి అందుతది గానీ, వంగనీకి అందదా?" అన్నాను.

"దొరసానికి కుర్చీ తేవాల్నా ఏంది?" అంది పోశక్క. బాయక్క పడీపడీ నవ్వింది.

"గట్ల కాదే. కాళ్లల్ల సత్తువ లేదు. పొద్దుగాల తల దువ్వుకున్నా ఆయాసమే అయితాంది. ఏం పనికి లేచిన్నో గూడ యాదికుంటలేదు."

"జరం పోయి ఎన్నొద్దులాయె! ఇంకా గదే పాటనా? మూయుండ్రే దాన్ని!" అన్నాను.

మూశారు. ఆమె నారు తొక్కలేదు. మధ్యలో బురద నీళ్లలో కూర్చుండిపోయింది. నారు అందిస్తున్న ఆమె భర్త రాజన్న నావైపు చూసి అడిగాడు: "నిజంగనే పానం బాగలేదా అత్తా? అహేరి దవాఖానకు తీస్కపోవాల్నా?"

"ఏం లేదు బిడ్డా. పని దొంగతనం. నాకు తెల్వదా?"

నాకు తెలుసు. అదే చెప్పాలి నీకు. ఆ ఎండాకాలం నాకూ జ్వరం వచ్చింది. పరీక్ష చేయించుకోలేదు, కషాయం తాగి ఎవరికీ చెప్పకుండా పడుకున్నాను. తగ్గాక నాలుగు మొక్కలు నాటితే గుండె దడదడ. తెలిసిన పేర్లు నోటికి రావు. ఒంటికి పోయొస్తానని చెప్పి తుప్పల చాటున కూర్చుని, ఊపిరి కుదిరాక వచ్చేదాన్ని. సుగుణ చెబుతుంటే నా రోగాన్ని ఎవరో బయట పెడుతున్నట్టు అనిపించింది. ఆమె మాట నమ్మితే తర్వాత చూపులు నా మీద పడతాయి. చేతకాని ముసలిదాన్ని గుంపు పెద్దగా ఎవరుంచుతారు? పోశక్క ఎప్పటినుంచో కాచుకుని ఉంది. కాబట్టి అబద్ధమన్నాను. భయపడ్డానా? భయమే. కానీ భయపడ్డవాళ్లంతా పక్కమనిషిని బురదలో మూసేస్తారా?

రాజన్న నన్ను నమ్మాడు. నేను పెద్దదాన్ని కదా. ఆ వానాకాలమంతా ఆమెను పనికి తోలాడు. లేవని రోజు తిట్టాడు. చెప్పినా నమ్మరని తెలిసి ఆమె చెప్పడం మానేసింది. దవాఖానకు పోయేసరికి మళ్లీ నాట్లొచ్చాయి. కరోనా తర్వాత కొందరికి ఇలా ఉండిపోతుందని, ఒళ్లు వంచి పని చేస్తే ఇంకా కుంగదీస్తుందని డాక్టర్ అన్నాడట. మొదట్లోనే తెస్తే తగ్గేదా అని రాజన్న అడిగితే, చెప్పలేనన్నాడట.

నా ఆయాసం ఆ చలికాలానికే పోయింది. నాదెందుకు పోయింది? తుప్పల చాటున దొంగతనంగా తీసుకున్న ఆ కాస్త విశ్రాంతి వల్లనా?

సుగుణ ఇప్పటికీ గిన్నెలు కూర్చునే తోముతుంది, సగంలో ఆగి గోడకు ఆనుకుంటుంది. నన్ను చూస్తే మర్యాదకు లేవబోతుంది. లేవొద్దంటాను. అంతవరకే నోరు వస్తుంది. క్షమించమని నిన్ను అడగడం లేదు, అది నీ చేతిలో లేదు. రాశాను. ఇక దాచే పని ఒకటి తప్పింది, అంతే.

ఆ రోజు ఆ మడిలో ఉన్నవాళ్లు: పోశక్క. బాయక్క. తల వంచుకుని నాటిన మల్లక్క. గట్టు మీద రాజన్న. మధ్యలో సుగుణ. ఆమె చెప్పేది నిజమని తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, నేను.