పథ్యం వదిలిన రోజు

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, మా ఆయనా నేనూ. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ క్వార్టర్లో ఇద్దరికీ ఒకే గిన్నెలో కూర వండేదాన్ని. ఆయనకి ఒళ్లంతా నీరు పట్టి, రైల్వే ఆసుపత్రిలో ఉప్పు మానమన్నాక నేనూ మానేశాను. ఎదురుగా కూర్చుని నేను ఉప్పుకూర తింటుంటే ఆయనకి ముద్ద దిగుతుందా? ఐదు నెలలు ఇద్దరం ఆ చప్పిడికూరే తిన్నాం.

ఒకరోజు బెంగాలీ డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు. "దీదీ, ఇంక పథ్యం వద్దు. ఆయన ఏదడిగితే అది పెట్టండి" అన్నారు. ఆ మాట ఎందుకన్నారో నాకు అర్థమైంది. ఇంటికొచ్చి ఆయనకి మాత్రం పథ్యం వద్దన్నారనే చెప్పాను.

"నిజమేటే? అయితే నాకు తగ్గిపోనాదన్నమాట! ఎండుచేపలు, వంకాయ వండు. కారం దండిగా ఎయ్యి."

వండి పెట్టాను. ఆయన వేళ్లు నాకుతూ తిన్నారు.

"సోమారం నుంచి డూటీకి ఎల్పోతాను. బాక్సులో ఇదే కూర పెట్టాల."

"అలాగే పెడతాను."

నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"ఏటే, ముకం అలాగెట్టినావు? ఉప్పెక్కువైనాదేటి?" అని నవ్వారు.

"అవును, రవ్వంత ఎక్కువైపోనాది" అన్నాను.