తలుపు తీయని ఇళ్ళ లెక్క

గణాంక శాస్త్రజ్ఞులారా, మీ శాస్త్రానికి ఈ రోజు నావల్ల జరిగిన అపచారానికి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

పట్టుపురుగుల లెక్కకు చింతామణి పట్నం పక్క పల్లెకు వెళ్ళాను. పురుగులు పెంచేవాళ్ళు చాలినంతమంది ఉంటేనే ఆ ఊరికి పట్టుపురుగుల గుడ్లు ఇచ్చే సర్కారు డిపో వస్తుంది. ప్రతి పదో ఇంటి తలుపు తట్టమని ఆజ్ఞ. తీసినవాళ్ళంతా పురుగులు లేవన్నారు. తీయని ఒక తలుపు వెనకనుంచి ఒకామె అరిచింది.

"లోపలికి రావాకప్పా! పురుగులు మేస్తాండాయి, కొత్త మనిషి దిష్టి తగిలితే చస్తాయి!"

"ఎన్ని తట్టల పురుగులుండాయో అదన్నా చెప్పమ్మా!"

"లెక్క చెప్తే అది దిష్టి గాదా?"

పురుగులున్న ఇల్లు తలుపు తీయదు, తీసిన ఇంట్లో పురుగులుండవు. శాస్త్రప్రకారం రాస్తే ఆ ఊళ్ళో పట్టే లేదు, డిపో రాదు. మీరైతే ఏం రాసేవారో చెప్పండి. నేను మాత్రం తలుపు తీయని ప్రతిచోటా పురుగులున్నాయని రాసేశాను.

అందులో ఒకటి సెలవుకు తాళం వేసిన బడి.