నేను రాయించిన మాట

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. మొన్న మనవరాలు బడినుంచి మా ఎరుకల మాటలున్న పుస్తకమొకటి తెచ్చి, చదువుతానంటూ గొంతెత్తేసరికి, ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను లేచి వీధి తలుపు మూసేశాను.

డెబ్బైలలో తిరువూరు శివార్లలో మా గుడిసెలుండేవి. నాయన ఈత బరిగెలతో తట్టలల్లి గంపలగూడెం, నెమలి ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేవాడు. ఎక్కడ ఏది పోయినా పోలీసులు ముందు మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు గనుక, వాళ్ళెదుటే ఒకరికొకరం జాగ్రత్త చెప్పుకోవడానికి మాకున్న చాటు మా భాషొక్కటే. అలాంటిది, మా మాటలన్నీ పుస్తకంగా కూరుస్తానంటూ ఒక సారు బస్సు దిగి రావడం మొదలుపెట్టాడు. నాయనమ్మ కుండనూ చేటనూ ఏమంటామో చెప్పి ఊరుకునేది.

"పుస్తకంలోకెక్కిన మాట రేపు స్టేషన్‌కి చేరదని ఏంటయ్యా నమ్మకం?" అనేది.

నేను మాత్రం ఆయన తెచ్చే బిస్కెట్లకు ఆశపడి, పారిపొమ్మనడానికి మేం వాడే మాట చెప్పేశాను. ఆయన దాన్ని రెండుసార్లు పలికి మరీ రాసుకున్నాడు.

ఆ వారంలోనే, సారు మా అరుగుమీద ఉండగా, ఎక్కడో దొంగతనం జరిగిందని ఇద్దరు పోలీసులొచ్చారు. ఆ పాపమెరగని నాయన గుడిసె వెనక బరిగెలు చీలుస్తున్నాడు. దొరికితే ముందు దెబ్బలు, అడిగేది తర్వాత. నాయనమ్మ కోళ్ళను అదిలిస్తున్నట్టు చెయ్యి ఊపుతూ ఆ మాటే కేకేసింది.

"ఏంటే ముసలీ, ఎవరితో మంతనాలు?" అని ఒకడు కసిరి, సారు చేతిలో పుస్తకం చూసి, "మీకు వీళ్ళ భాష వచ్చంటగా సార్, ఏమంటోంది?" అన్నాడు.

నాయనను నా నోటితో నేనే పట్టించేశాననుకున్నాను. సారు చెమట తుడుచుకుని, కాగితాలు వెతికినట్టు వెతికి, "ఈ మాట ఇంకా నాకు చెప్పలేదండీ. కోళ్ళను తోలుతున్నట్టుంది" అన్నాడు.

వాళ్ళు గుడిసె వెనక్కెళ్ళి చూసేసరికి సగం చీల్చిన బరిగెలే ఉన్నాయి. పోలీసులు పోయాక నాయనమ్మ ఆయనకు చెంబుతో మంచినీళ్ళిచ్చి, ఎదురుగా చతికిలబడి, "ఇంక అడుగయ్యా, ఏం కావాలో" అంది.

నాయన నాలుగురోజులకు క్షేమంగా తిరిగొచ్చాడు. ఇప్పుడు మమ్మల్నలా తరిమేవాళ్ళు లేరు, అదే పదివేలు. కానీ దాచుకోవలసిన అవసరం పోయాక మా పిల్లలకు ఆ భాషతో అవసరమూ పోయింది; ఆ మాటల్లో నాతో పోట్లాడేవాళ్ళు కూడా మిగల్లేదు. మీ ఇంట మాత్రం అమ్మ మాట ఏ భయమూ లేకుండా వాకిట్లో వినబడాలి, మీ పిల్లలు దానికి బదులు పలకాలి, మీ గడప చల్లగుండాలి.