బంతి లేని ఆట నేర్పిన చిన్నసారు

మా చిన్నసారు పోయారు. మొన్న సూర్యాపేటలో బస్సులు ఆగే చోట యేసోబు ఎదురుపడి, నెత్తిన ఉన్న తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ, "చిన్నసారు సచ్చిపోయిండు రా. మిర్యాలగూడ దవాఖానల. జరం దిగనే లేదు" అన్నాడు. యేసోబూ నేనూ ఒకప్పుడు ఒకే టీములో ఆడినవాళ్ళం. ఆ టీమును తయారు చేసిన మనిషి ముప్పై ఏళ్ళు కూడా నిండకుండా పోయాడు. ఈ నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

మా హైస్కూల్లో ఆటలకు ఇద్దరు సార్లుండేవారు. డ్రిల్ మాస్టరు పెద్దసారు. ఆయన కింద పనిచేసే ఈయన చిన్నసారు. పెద్దసారు మెడలో ఈల ఉండేది, చిన్నసారు ఒంటి మీద చెమట ఉండేది. పని అట్లా పంచుకున్నారు.

అందరూ హాకీ, ఫుట్‌బాల్ అని ఎగబడే రోజుల్లో, హైదరాబాదులో చదువుకుంటూ చూసి వచ్చిన బాస్కెట్‌బాల్‌ను చిన్నసారు మాకు అంటించారు. కమ్మరి చేత రెండు ఇనుప చక్రాలు వంచించి తాటి మొద్దులకు బిగించారు. ఆయన నిక్కరు జేబులో ఎప్పుడూ పుట్నాలుండేవి. ఎవడైనా తేలికైన బంతిని కూడా చక్రంలో వేయలేక తలవంచుకుంటే, పిలిచి గుప్పెడు పుట్నాలు చేతిలో పోసేవారు. "తిను. తిని మళ్ళ ఎయ్యి" అనేవారు. అలిగి కూర్చున్నవాడికి మాత్రం ఒక్క గింజ కూడా దొరికేది కాదు.

మా టీముకు ప్రాణం ఇద్దరు. కెప్టెన్ నర్సిరెడ్డి తుంగతుర్తి వైపు ఒక పటేలు కొడుకు. పెన్‌పహాడ్ నుంచి వచ్చిన యేసోబు కూలివాళ్ళ బిడ్డ, మా అందరికన్నా మూరెడు పొడుగు. మొదట్లో నర్సిరెడ్డి ఇతన్ని "ఏయ్" అని పిలిచేవాడు. యేసోబు అతన్ని "పటేలా" అనేవాడు. ఒకరోజు చిన్నసారు ఆట ఆపించారు.

"గ్రౌండ్ల పటేలు లేడు, ఏయ్ గాడు లేడు. పేరు పెట్టి పిలువుండ్రి. పేరు పిలువకుంట బంతి ఇచ్చినోడు బయటికి."

యేసోబుకు ఆ పేరు గొంతు దాటి రావడానికి చాలా రోజులే పట్టింది. మొదటిసారి "నర్సిరెడ్డీ" అని అరిచి, అరిచినందుకు తానే బెదిరి బంతి వదిలేశాడు. అందరం పడీ పడీ నవ్వాం. నర్సిరెడ్డి ముఖం కందగడ్డ అయింది. చిన్నసారు మాత్రం, "మళ్ళ పిలువు, గట్టిగ" అన్నారు. రానురాను ఆ పిలుపు మాకు ఎంత అలవాటైందంటే, తల తిప్పి చూసే పనే లేకపోయింది. పేరు పిలిచి విసిరితే చాలు, అక్కడ మనిషి ఉండేవాడు. నేను మధ్యలో ఆడేవాణ్ణి కాబట్టి రోజూ ఎక్కువసార్లు నేను పిలిచిన పేరు నర్సిరెడ్డిదే.

తర్వాత నవాబు రాజ్యంలో గడబిడ రోజులొచ్చాయి. ఊళ్ళమీద దాడులు, రోడ్ల మీద తనిఖీలు. ఉన్న ఒక్క బంతిలో బ్లాడరు పగిలిపోయింది, హైదరాబాదు నుంచి ఇంకొకటి తెప్పించే దారి లేదు. పెద్దసారు ఈల తీసి మేకుకు తగిలించి ఇంటికి పోయారు. చిన్నసారు మమ్మల్ని తెల్లవారగానే గ్రౌండుకు రమ్మన్నారు. ఉత్త చేతులతో పరుగెత్తాలి, పేరు పిలవాలి, లేని బంతిని విసరాలి, లేని బంతిని పట్టాలి. ఎవడైనా పట్టడం మరిచిపోతే, "గదేంది, బంతి కింద పడె గద!" అని నిజంగానే కోప్పడేవారు. మాకు నవ్వొచ్చేది. కానీ ఒట్టేసి చెబుతున్నాను, మేం బాగా ఆడింది ఆ రోజుల్లోనే.

అంతలో నర్సిరెడ్డి వాళ్ళు ఇల్లు విడిచి, కోదాడ మీదుగా నవాబు రాజ్యం హద్దు దాటి అవతలి ఇలాకాకు వెళ్ళిపోయారు. మాకెవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పే రోజులు కావని తెలుసు, అయినా ఆ కోపం నాకిప్పటికీ ఉంది. పటేలు కొడుకు ఏమయ్యాడని పోలీసు అమీను స్కూలుకు వచ్చాడు. వచ్చినవాడికి గ్రౌండులో మా ఆట కనబడింది.

"బంతి ఏది?" అన్నాడు.

"లేదు సాబ్, పగిలింది. అలవాటు పోవద్దని ఆడిపిస్తున్న" అన్నారు చిన్నసారు.

"బంతి లేకుంట ఆటేంది? పేర్లు పిలుసుకుంట ఉరుకుడేంది? పోరగాండ్లకు లడాయి నేర్పుతున్నవా?"

మేం అందరం ఒక్కసారిగా కొట్లాట కాదు, ఆటే సాబ్, ఆటే అని మొరపెట్టుకున్నాం. మా మాట ఎవరికి కావాలి? అమీను పెద్దసారును పిలిపించి అడిగాడు. ఒక్క మాట చాలు. అవును సాబ్, ఇది ఆటే అంటే అయిపోయేది. పెద్దసారు నేల చూస్తూ, "ఆయన ఏం నేర్పుతడో నాకెరుక లేదు సాబ్. నేనెన్నడు సూడలె" అన్నారు. అది అబద్ధం కూడా కాదు. ఆయన నిజంగానే ఎన్నడూ చూడలేదు.

సాయంత్రానికి చిన్నసారు నౌకరి ఊడింది. ట్రంకుపెట్టె, వెంట తల్లి, మిర్యాలగూడ బస్సు. ఆ వారమే పెన్‌పహాడ్ మీద పడిన పోలీసులు యేసోబు తండ్రిని పట్టుకుపోయారు, ఇంటిని సాకడానికి యేసోబు చదువు మానేశాడు. టీమంటే అయిదుగురు అనుకుంటాం. ఇద్దరు పోతే ముగ్గురు మిగలాలి కదా. మిగలరు. మిగిలిన ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, అందులో సగం మందిమి కూడా కాకుండా పోయాం.

సరిగ్గా అప్పుడే కోదాడలో పోటీ పెట్టారు. ఎవరో అధికారి వస్తున్నాడని, ఊళ్ళన్నీ సల్లగా ఉన్నాయని ఆయనకు చూపించాలని. ఎక్కడినుంచో కొత్త బంతి ఊడిపడింది. పెద్దసారు మేకుకున్న ఈల తీసి మెళ్ళో వేసుకున్నారు, పొడుగ్గా ఉన్న ఇద్దరు పిల్లల్ని ఏరి మాతో కలిపారు. పాపం వాళ్ళు పొడుగు తప్ప ఇంకేం ఎరగరు.

ఆట మొదలైన కాసేపటికే బంతి నా చేతికొచ్చింది. అవతలి వాళ్ళు మీద పడ్డారు. ఆలోచించే వ్యవధి లేదు. "నర్సిరెడ్డీ!" అని అరిచి వెనక్కి విసిరాను. బంతి ఖాళీ నేల మీద పడి దొర్లుకుంటూ జనంలోకి పోయింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అదే చేశాను. మిగిలిన ఇద్దరూ "యేసోబూ" అని పిలిచి విసురుతూనే ఉన్నారు. కొత్త పిల్లలు బిక్కచచ్చి చూస్తున్నారు. జనంలోంచి ఒకాయన, "హద్దు దాటి పోయినోడు ఎట్టా వస్తాడయ్యా? ఇంకాస్త గట్టిగా పిలువు!" అని అరిచాడు. గ్రౌండంతా గొల్లుమంది. ఎంత తేడాతో ఓడామో చెప్పను, సిగ్గు. తిరుగుదారిలో పెద్దసారు, "గీ మొత్తుకునే రోగం ఆయన అంటిచ్చిందే" అని చిన్నసారునే తిట్టారు. ఆ తర్వాత మేం ఎన్నడూ కలిసి ఆడలేదు.

గడబిడ అణిగాక మిర్యాలగూడ వెళ్ళాను. చిన్నసారు రైలు స్టేషను దగ్గర కిరాయి గదిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతుకుతున్నారు. బాగా చిక్కిపోయారు. తల్లి జొన్నరొట్టె పెట్టింది. "టీం ఎట్లున్నది రా?" అని అడిగారు. "ఖతమైంది సారూ" అన్నాను. ఆయన పిల్లల పలకలు ఒకదాని మీద ఒకటి సర్ది నా వైపు తిరిగారు.

"లడాయి నేర్పినోడు అని గీడ గూడ అంటున్నరు రా. ఏ స్కూలోళ్ళు రానిస్తలేరు. పెద్దసారును ఒక్క మాట అనమను. నేను ఆటనే నేర్పిన్నని. నౌకరి మళ్ళ ఇయ్యకున్నా మంచిదే."

ఆ మాట మోసుకెళ్ళి పెద్దసారుకు చెప్పాను. "సూద్దాం. రోజులు జర కుదురుకోని" అన్నారు. రోజులు కుదురుకున్నాయి. నవాబు రాజ్యం పోయి జెండా మారింది, ఆ అమీను కూడా ఎటో బదిలీ అయిపోయాడు. ఇంక పెద్దసారు ఎవరికి భయపడుతున్నారో నాకు తెలియదు. మళ్ళీ అడిగితే మళ్ళీ సూద్దాం అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ చిన్నసారు జ్వరాన పడ్డారు.

నిన్న స్కూల్లో సంతాప సభ పెట్టారు. చిన్నసారు తల్లిని యేసోబు బస్సులో వెంటబెట్టుకొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, పక్కన నేల మీద కూర్చుంది. పెద్దసారు లేచి చాలా బాగా మాట్లాడారు. బంతి లేని రోజుల్లో కూడా పిల్లలకు ఆట మరవనివ్వని మనిషని, అలాంటివాడు మన స్కూల్లో పనిచేయడం మన అదృష్టమని అన్నారు. అందరూ తలలు ఊపారు. అప్పుడు ఆమె లేచి నిలబడింది.

"గీ మాట అప్పుడే అంటే ఏం పోయె సారూ?"

పెద్దసారు అటూ ఇటూ చూసి, "అప్పుడు రోజులట్ల ఉండె తల్లీ" అన్నారు.

"నా కొడుక్కు గూడ రోజులట్లనే ఉండె గదా" అంది ఆమె.

సభ అక్కడితో ముగిసింది. బయటికి వచ్చేసరికి గ్రౌండులో ఇప్పటి పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. ఆమె ఆ ఆటను చూడటం అదే మొదటిసారి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, "గిదేనా బిడ్డా?" అని యేసోబును అడిగింది. "గిదే అమ్మా" అన్నాడు. ఆమె గ్రౌండుకు అడ్డంగా గేటు వైపు నడవడం చూసి పిల్లలు ఆట ఆపారు.

"ఆడుండ్రి కొడుకా, ఎందుకాగిన్రు?" అంది.

ఆమె గేటు దాటేదాకా బంతి ఒక పిల్లాడి చేతుల్లోనే ఉంది.