ఆరు గాట్లు లేని ఉయ్యాల

మా మనవరాలు ఇప్పుడు ఆ ఉయ్యాల చువ్వలు పట్టుకుని నిలబడుతోంది. ఇంకో రెండేళ్లకు దానికి మాటలు అర్థమవుతాయి. అప్పుడు ఎవరో ఒకరు దానితో, "ఇది మీ ముత్తాత చేయించిన ఉయ్యాల" అంటారు. అది నిజం కాదు. బారసాల రోజున నలుగురి ముందూ ఆ మాట వచ్చినప్పుడు నేను నోరు మెదపలేదు. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

అసలు ఉయ్యాలను మా అక్క పుట్టినప్పుడు మా నాన్న బాపట్లలో చేయించాడు. మంచి టేకు. ఒక్క ఇనుప మేకు లేదు, అంతా కర్ర చీలలే. అందులో పడుకున్న ప్రతి బిడ్డకూ మా అమ్మ తలవైపు పలక అడుగున కొడవలి మొనతో ఒక గాటు పెట్టేది. అక్క, నేను, తమ్ముడు, తర్వాత అక్క కొడుకులిద్దరు, ఆఖరున మా అమ్మాయి. మొత్తం ఆరు. ఆ ఉయ్యాలను అమ్మకూడదు, ఖాళీగా ఇల్లు దాటించకూడదు. ఎవరింట్లో పురుడు వస్తే వాళ్లింటికి అందులో బియ్యం, కొబ్బరికాయ, పసుపుకొమ్ము పెట్టి పంపాలి. మా అమ్మాయి నడక నేర్చాక నేనూ అలాగే రేపల్లెలో ఉన్న అక్క ఇంటికి పంపాను. ఇంటికి పెద్దది కనుక అప్పటినుంచి అది అక్క దగ్గరే ఉంది.

మా అమ్మాయికి తొమ్మిదో నెల రాగానే అక్కకు ఫోన్ చేశాను. మా అమ్మాయి బిడ్డది ఏడో గాటు కావాలి. నాకు కావలసింది అంతే.

వారం తిరక్కుండా ఉయ్యాల ట్రాలీ ఆటోలో తెనాలి వచ్చింది. బియ్యం, కొబ్బరికాయ, పసుపుకొమ్ము, ఏదీ తగ్గలేదు. ఉయ్యాలకు మాత్రం చిక్కటి ఆకుపచ్చ రంగు.

"చెద పట్టకుండా కొట్టించానే," అంది అక్క ఫోనులో. "నువ్వు దాన్ని గీకమాక. పైన ఇంకో కోటు వేయించు, చాలు."

"రంగు తీసేసి టేకు కనపడేలా చేస్తానక్కా. లైబ్రరీలో పుస్తకం దొరికింది."

"పుస్తకం చూసి వడ్రంగం చేస్తావా ఏంటి? వంట పుస్తకం చూసి చేసిన హల్వా సంగతి మీ ఆయన ఇప్పటికీ చెబుతాడు."

నాకు కోపం రాలేదు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలో బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. అక్క వేళాకోళం నాకు అలవాటే.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడిగా గీకొద్దు, తడిపి రుద్దాలి, గర్భిణిని దగ్గరకు రానివ్వొద్దు అని ఉంది. మూతికి మాస్కు కట్టుకుని పెరట్లో కూర్చున్నాను. మా అమ్మాయి వంటింటి కిటికీ మూసేసి అద్దం వెనకనుంచి చేతులు ఊపేది. మొదటిరోజు ఉప్పుకాగితాన్ని చెక్క చారకు అడ్డంగా రుద్ది పిల్లి గీరినట్టు గీతలు తెచ్చాను. ఆ పేజీ మర్నాడు చదివాను.

రంగు పోయేకొద్దీ చెక్క పాలిపోయి కనిపించింది. టేకైతే తేనె రంగులో ఉండాలి, తడిస్తే వాసన రావాలి. ఇది తడిసిన అట్టపెట్టె వాసన వేస్తోంది. నేనే ఏదో చెడగొట్టానని భయపడ్డాను. తర్వాత మూలల్లో రంగు కింద నుంచి స్క్రూలు బయటపడ్డాయి, తల మీద ప్లస్ గుర్తు ఉన్నవి. రిపేరు చేయించి ఉంటారులే అనుకున్నాను. తలవైపు పలక అడుగుభాగాన్ని ఇష్టంగా చివరకు మిగుల్చుకున్నాను. అక్కడ ఉప్పుకాగితం వాడలేదు, రంగు తీసే మందు రాసి గుడ్డతో తుడిచాను. గాట్లు లేవు. వేలితో తడిమాను. నున్నగా ఉంది.

ఆ పలక, ఒక స్క్రూ సంచిలో వేసుకుని బాపట్ల రైలెక్కాను. మా ఉయ్యాల చేసిన వడ్రంగి కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు. చిన్నప్పటినుంచీ నాకు బాబాయే. పలక తిప్పి చూసి, గోటితో నొక్కి, నా వైపు చూశాడు.

"మామిడి చెక్క, అమ్మాయ్. పట్టుమని పదేళ్లు కూడా ఉండవు."

"నేను రుద్దడంలో ఏమన్నా..."

"ఎంత రుద్దినా టేకు మామిడి అవదు. మీ నాన్న ఉయ్యాలకి చీలలు చెక్కింది నేను. స్క్రూ ఎక్కడిది?"

ఇంటికి వెళ్లలేదు. తెనాలిలో దిగి రేపల్లె బస్సెక్కాను.

అక్క చిక్కుడుకాయలు వలుస్తోంది. పలక ఆమె ముందు పెట్టాను. చేతిలో కాయ వలిచి గిన్నెలో వేసింది.

"గీకొద్దన్నానుగా," అంది.

"ఏదక్కా మనది?"

"ఇల్లు మార్చేటప్పుడు ఇచ్చేశానే. సూర్యలంకలో కాటేజీలు కట్టేవాళ్లెవరో పాత సామాను కోసం తిరుగుతుంటే, ముచ్చటపడ్డారు. నువ్వడుగుతావని కలగన్నానా? అడిగావని చెరుకుపల్లి పాతసామాన్ల కొట్లో ఇది దొరికితే రంగేయించి పంపాను."

"బియ్యం, కొబ్బరికాయ కూడా పెట్టావు."

"ఖాళీగా పంపమంటావా?"

"ఆ గాట్లు..."

"గాట్లదేముందే, కత్తి తీసుకుని నువ్వే పెట్టుకో. ఆరే కదా."

ఉయ్యాల పోయిందన్నప్పుడు కూర్చునే ఉన్నాను, ఆ మాటకు పలక సంచిలో వేసుకుని లేచాను. బియ్యం చూశాక మేమెవరమూ ఉయ్యాల అడుగు తిప్పి చూడమని ఆమెకు తెలుసు.

మా అల్లుడు సూర్యలంకలో కనపడిన కాటేజీలన్నీ తిరిగాడు. ఒకచోట వాచ్‌మన్, "ఉండేదండి, పూలకుండీలు పెట్టేవాళ్లు. వానకు నాని విరిగితే తీసేశారండి" అన్నాడట. అది మాదో, ఇంకెవరిదో.

ఈలోగా పాప పుట్టింది. వేరే ఉయ్యాల కొనే వ్యవధి లేదు. గీతలు పోయేదాకా చార వెంట మళ్లీ రుద్ది, బాబాయి చెప్పినట్టు అవిసె నూనె పలచగా మూడుసార్లు పట్టించాను. బాగానే వచ్చింది. అదే నాకు మరీ కష్టంగా ఉంది.

బారసాలకు అక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. పాపను ఉయ్యాలలో వేయగానే మా వియ్యపురాలితో, "మా నాన్న చేయించిందండి, మేమందరం ఇందులోనే పెరిగాం" అని నా వైపు చూసింది. వియ్యపురాలు ఉయ్యాలకు చెయ్యి ఆనించి కళ్లకద్దుకుంది. నేను పసుపు గిన్నె అందుకుని లోపలికి వెళ్లాను.

పలక అడుగున ఏ గాటూ పెట్టలేదు. ఏడోది పెట్టడానికి ఆరు లేవు. ఒకటి పెట్టడానికి చెయ్యి రాలేదు.

పేర్లు రాయొద్దని మా అమ్మాయి అంది కనుక వరసలతోనే చెబుతాను. గడువు దాటినా పుస్తకాన్ని నా దగ్గరే ఉండనిచ్చిన గ్రంథాలయం మేడమ్‌గారికి, అబద్ధం చెప్పి నన్ను సంతోషపెట్టని బాపట్ల బాబాయికి, ఎండలో తిరిగిన మా అల్లుడికి, అంతా తెలిసి కూడా అత్తవారికి చెప్పని మా అమ్మాయికి కృతజ్ఞతలు. బియ్యం మాత్రం మంచివే, పురిటి రోజులన్నీ అవే వండుకున్నాం. వాటికి మా అక్కకు కూడా.